తప్పున్న చోటే గుర్తు: లోగో డిజైన్ల ఆమోద వ్యవస్థతో ఆరేళ్లు

టెక్సాస్‌లో మా అన్నయ్య నడిపే ఎంబ్రాయిడరీ షాపుకు ఆరేళ్లుగా హైదరాబాదు నుంచి డిజైన్లు గీసి పంపుతున్నాను. ఎక్కువగా విశ్వవిద్యాలయాల లోగోలున్న టోపీలు. లైసెన్సు చేతిలో ఉన్నా, లోగో సొంతదారు తరఫు పరిశీలకులు ఒప్పుకున్నాకే ఏ డిజైనైనా మిషనెక్కాలి. అందుకు మేము వాడే ఆన్‌లైన్ వ్యవస్థ గురించే ఈ సమీక్ష.

ఇందులో నాకు ప్రాణప్రదమైనది ఒక్కటే. పరిశీలకులు బొమ్మ మీద సరిగ్గా తప్పున్న చోటే గుర్తు పెట్టి వ్యాఖ్య రాస్తారు. ఈమెయిళ్ల రోజుల్లో ‘లోగో చుట్టూ ఖాళీ చాలలేదు’ అని ఒక్క ముక్క వచ్చేది. ఏ వైపు, ఎంత అని అడిగితే జవాబు మర్నాడే. అక్కడికీ ఇక్కడికీ పదిన్నర గంటల తేడా, చలికాలంలో పదకొండున్నర. ఒకసారి రిజిస్టర్డ్ ముద్ర, అదే వలయంలోని ఆర్ అక్షరం, దాని మీద గుర్తు పెట్టి ‘ఈ కొలతలో దారం ముద్ద కడుతుంది’ అని రాశారు. నిజమే, అంత చిన్న అక్షరం కుట్టులో మూసుకుపోతుంది. తెర మీద బొమ్మ చూసి మాత్రమే దారం సంగతి చెప్పిన ఆ మనిషి మీద నాకు గౌరవం కలిగింది.

రంగుల విషయంలో మాత్రం ఈ గుర్తులు అంతగా సాయపడవు. టెక్సాస్ విశ్వవిద్యాలయం వారి నారింజ రంగు పాంటోన్ (రంగులకు నంబర్లిచ్చే పద్ధతి) 159 అని కాగితం మీద ఖాయమే. కానీ దారపు రీలును పగటి వెలుతురులో పట్టి చూసుకోవలసిందే.

అసలు దెబ్బ గత ఫుట్‌బాల్ సీజనుకు ముందు తగిలింది. ఒక టోపీకి ‘మార్పులతో ఆమోదం’ వచ్చింది. వెనకవైపు సంవత్సరం లోగోకు మరీ దగ్గరగా ఉందని, కిందికి జరపమని గుర్తు పెట్టారు. కంప్యూటర్లో ఆ గుర్తు కనిపిస్తుంది. ఫోనులో బొమ్మ, పక్కన పచ్చ రంగు, అంతే. షాపులో మిషను నడిపే అబ్బాయి ఫోనులో పచ్చ రంగు చూసి, ఉన్న ఫైలుతోనే సాయంత్రానికి 288 టోపీలు కుట్టేశాడు. నేను పొద్దున లేచి సరిచేసిన ఫైలు పంపితే, “ఇదేమిట్రా, టోపీలు పెట్టెల్లో సర్దేశాం కదా” అని అన్నయ్య ఫోన్ చేశాడు.

అమ్ముకోవడానికి అనుమతి అడిగాం, ఇవ్వలేదు. వాళ్లను తప్పుపట్టను. అమెరికా ట్రేడ్‌మార్కు చట్టం ప్రకారం, లైసెన్సు ఇచ్చి సరుకు నాణ్యతను గాలికొదిలేస్తే ఆ లోగో మీద హక్కే పోవచ్చు. రెండు టోపీల కుట్లు విప్పి చూశాం. దారం వచ్చేసింది గానీ, సూది రంధ్రాలు అంకెల ఆకారంలోనే మిగిలాయి. మొత్తం పక్కన పడేశాం. ఆ అబ్బాయిని ఏమని అనగలం? పచ్చ రంగు అంటే కానిమ్మనే కదా అర్థం.

ఇప్పుడు నేను కంప్యూటర్లో చూసేదాకా కుట్టు ఫైలు షాపుకు పంపడం లేదు. దానివల్ల ఒక రోజు పోతోంది. గీసేవాళ్లూ కుట్టేవాళ్లూ ఒకే గదిలో ఉంటే ఈ వ్యవస్థను కళ్లు మూసుకుని తీసుకోమంటాను. మాలాగా మధ్యలో సముద్రాలుంటే, ఫోనులో గుర్తులు కనిపించేలా చేశారో లేదో ముందు కనుక్కోండి.