పాత చర్చి రిజిస్టర్లలో తాతల జాడ: విజయనగరంలో దిగాలా, శ్రీకాకుళంలోనా?

ముత్తాత ఊరు తెలిసింది కదా అని నేరుగా ఆ ఊరి చర్చికి పోతే చాలాసార్లు సెలవు దండగే. వందేళ్ల కిందట పల్లెల్లో ఉన్నది తాటాకు ప్రార్థనశాల, మతబోధ చేసే ఓ ఉపదేశి. రిజిస్టరు అక్కడ ఉండేది కాదు. ఫాదరో మిషనరీ దొరగారో వీలున్నప్పుడు బండి కట్టించుకుని వచ్చి, జ్ఞానస్నానాలిచ్చి (బాప్తిస్మం), తిరిగి వెళ్లాక తన కేంద్రంలోని పుస్తకంలో ఎక్కించేవారు. తర్వాత ఆ పల్లెకే సొంత విచారణ (ఒక ఫాదర్ చూసుకునే చర్చి పరిధి) వచ్చినా, పాత పుస్తకం తల్లి విచారణ బీరువాలోనే ఉండిపోతుంది. అందుకే టికెట్ కొనకముందే రెండు విషయాలు తేల్చుకోవాలి: తాతలది ఏ సంఘం, ఆ కాలంలో దాని కేంద్రం ఏ ఊళ్లో ఉండేది.

కతోలికులైతే మూలం విశాఖ. సెయింట్ ఫ్రాన్సిస్ డి సేల్స్ సభ గురువులు 1846లో ఆనెసీ (ఇప్పటి ఫ్రాన్స్) నుంచి అక్కడికి వచ్చారు. శ్రీకాకుళం మేత్రాసనం (ఒక పీఠాధిపతి, అంటే బిషప్, పరిధి) ఏర్పడింది 1993లోనే కాబట్టి అంతకుముందు సంగతులకు విశాఖ పీఠాధిపతి కార్యాలయాన్ని కూడా అడగాలి. ప్రొటెస్టెంట్లలో పాతది లండన్ మిషన్. విజయనగరం, చికాకోల్ (శ్రీకాకుళాన్ని దొరలు పిలిచిన పేరు) దాని కేంద్రాలు. 1875 తర్వాత బొబ్బిలి, టెక్కలి, సోంపేట వైపు కెనడా బాప్టిస్టులు విస్తరించారు. సాలూరు, పార్వతీపురం వైపు జర్మన్ లూథరన్లు.

సంఘం తేల్చుకోకపోతే ఏం నష్టమంటే, పుస్తకంలో దొరికేదే మారిపోతుంది. కతోలికుల జ్ఞానస్నాన పుస్తకంలో పుట్టిన తేదీ, తల్లిదండ్రులు, ఊరు, జ్ఞానతల్లి, జ్ఞానతండ్రి (జ్ఞానస్నానంలో బిడ్డ తరఫున నిలబడే పెద్దలు) పేర్లుంటాయి. పాతవి లాటిన్‌లో ఉంటాయి. ‘7బ్రిస్’ అని కనిపిస్తే జూలై అనుకునేరు, అది సెప్టెంబరు. 8 అక్టోబరు, 9 నవంబరు, రోమన్ పది గుర్తు డిసెంబరు. ఈ ఒక్క పొరపాటుతో పుట్టినరోజు రెండు నెలలు ముందుకు జరిగిపోయిన వంశవృక్షాలు ఎన్నో. 1908 నుంచి పెళ్లి వివరం కూడా జ్ఞానస్నానం పద్దు పక్కన మార్జిన్‌లో రాయాలి. రాసి ఉంటే ఆ ఒక్క గీతే పక్క విచారణకు దారి చూపుతుంది. ఇంటిపేరు మాత్రం తరచూ ఉండదు. అలాంటప్పుడు పట్టుకోవాల్సింది జ్ఞానతల్లిదండ్రుల్ని. వాళ్లు చాలావరకు మేనమామలో, పెదనాన్నలో, ఆ ఊరి ఉపదేశో అయి ఉంటారు.

బాప్టిస్టుల దగ్గర పసిపిల్లల బాప్తిస్మం ఉండదు. 1912లో పేరు కనిపించిందంటే మనిషి 1912లో పుట్టాడని కాదు, ఆ ఏడు నీళ్లలోకి దిగాడని. కొన్నిచోట్ల వయసు రాస్తారు, అదీ ఉజ్జాయింపే. ఇక్కడ అసలు సరుకు సంఘ సభ్యుల జాబితా. ఎవరు ఏ సంఘం నుంచి బదిలీ పత్రం తెచ్చారో, ఎవర్ని బహిష్కరించారో, ఎవరు ‘రంగం’ (రంగూన్) పోయారో అందులో ఉంటుంది. కళింగపట్నం, భీమిలి రేవుల మీదుగా బర్మా పోయినవారి జాడ ఒక్కోసారి అక్కడే ముగుస్తుంది.

పెళ్లిళ్లకు ఇంకో దారి ఉంది. 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ప్రతి వివాహానికీ నకలు ప్రభుత్వానికి పంపాలి. చర్చిలో పుస్తకం చెదలు తిన్నా ఆ నకలు బతికి ఉండొచ్చు. అడిగేటప్పుడు పాత జిల్లా పేరు చెప్పాలి. 1936కు ముందు చికాకోల్, టెక్కలి, సోంపేట ప్రాంతం గంజాం జిల్లా. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో వచ్చాయి. విజయనగరం కంటోన్మెంటులో పనిచేసిన ఆంగ్లో ఇండియన్ల పద్దుల నకళ్లు మద్రాసు మీదుగా లండన్ చేరాయి. ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఇక బస. బొబ్బిలి, పార్వతీపురం, సాలూరు పని ఉంటే విజయనగరమే మేలు. రాయగడ వైపు రైళ్లు బొబ్బిలి, పార్వతీపురం మీదుగానే పోతాయి, సాలూరుకు బొబ్బిలిలో బస్సు మారొచ్చు. స్టేషన్ చుట్టుపక్కల, ఆర్టీసీ కాంప్లెక్సు దగ్గర లాడ్జీలకు కొదవలేదు. నరసన్నపేట, టెక్కలి, పాలకొండ అయితే శ్రీకాకుళం. ‘శ్రీకాకుళం రోడ్’ స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలో. ఊళ్లోకి ఇంకా 13 కిలోమీటర్ల దాకా ఉంటుంది, రాత్రి బండికి దిగేవాళ్లు ఆటో సంగతి ముందే చూసుకోవాలి. సోంపేట, ఇచ్ఛాపురానికి శ్రీకాకుళం నుంచి రోజూ తిరగడం అలుపు. పలాసలో ఒక రాత్రి ఉండడమే తెలివి. మిషన్ కాంపౌండులో గది దొరికితే అన్నిటికన్నా మంచిది, సాయంత్రం పెద్దవాళ్లు కబుర్లకు వస్తారు. కానీ వారం ముందు ఉత్తరం రాయాలి, అప్పటికప్పుడు అడిగి ఇబ్బంది పెట్టకూడదు. పల్లెలకు ఆటో పూట లెక్కన మాట్లాడుకోండి. ట్రిప్పు లెక్కన మాట్లాడితే బీరువా తాళం వచ్చేలోగా ఆటో వెళ్లిపోతుంది.

ఆదివారం అయ్యగార్లకు తీరిక ఉండదు, సోమవారం చాలామందికి విశ్రాంతి. మంగళవారం నుంచి గురువారం దాకా ఉదయం పూట మంచిది. డిసెంబరు, శ్రమదినాల కాలం (ఈస్టరుకు ముందు నలభై రోజులు) వద్దు. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస దగ్గరే తీరం దాటింది.

పాత పుస్తకాలు మనచేతికి ఇవ్వకపోవడమే మామూలు, ఫాదర్‌గారే చూస్తారు. కాబట్టి తెలుగులో ఒక కాగితం రాసుకుపోండి: పేరు, తండ్రి పేరు, ఊరు, అటూ ఇటూ ఐదేళ్ల పరిధి. మన చేతికే ఇస్తే చేతులు కడిగి ఆరబెట్టుకోవాలి, వేలు తడిచేసి పేజీ తిప్పకూడదు. ఫోటోకు అనుమతి అడిగి, ఫ్లాష్ ఆపి, ముందు అట్ట, తర్వాత పేజీ మొత్తం తీయాలి. పద్దు ఒక్కటే తీస్తే రేపు అది ఏ ఏడాదిదో తేలదు. వెలిసిన సిరాకు కిటికీ పక్కనుంచి పడే ఏటవాలు వెలుతురు బాగా పనిచేస్తుంది. గొలుసుకట్టు రాతలో తెలుగు అంకెలు ౨ (2), ౩ (3) కలిసిపోతాయి. అదే చేతిరాతలో మరో పద్దుతో పోల్చి చూడండి. జిరాక్సు కోసం పుస్తకం బజారుకు తీసుకెళ్తామని అసలు అడగొద్దు. ఇచ్చే డబ్బు చందాగా ఇచ్చి రసీదు తీసుకోవాలి.

పుస్తకమే లేదంటే మిషన్ బడి అడ్మిషన్ రిజిస్టరు చూడండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ రెండూ ఉంటాయి, ఆ తేదీ బడిపంతులు వేసిందే అయినా సరే. తర్వాత సమాధుల తోట. గ్రామ మునసబుల దగ్గరి జనన మరణ పుస్తకాలు ఏమయ్యాయన్నది తహసీల్దారు కార్యాలయంలో అడగాలి, 1984లో ఆ పదవులు రద్దయ్యాయి. అక్కడికి మాత్రం మధ్యాహ్నం తర్వాత వెళ్లి లాభం లేదు.