థాయ్‌లాండ్ రిటైర్‌మెంట్ వీసా: ‘ఇద్దరికీ కలిపి ప్యాకేజీ’ కొనేముందు జాగ్రత్త

బ్యాంకులో పైసా చూపించక్కర్లేదు, పాస్‌పోర్టులు ఇచ్చి వెళ్లండి, ఇద్దరికీ ఏడాది స్టాంపు వేయించి ఇస్తాం అంటూ థాయ్‌లాండ్‌లో కొందరు వీసా ఏజెంట్లు అమ్మే జంట ప్యాకేజీ జోలికి పోకండి. మొదటి ఏడాది అంతా బాగానే ఉన్నట్టు ఉంటుంది. దెబ్బ తగిలేది మరుసటి ఏడాది పొడిగింపు దగ్గర, అదీ ఇద్దరికీ ఒకేసారి.

నిబంధన ఇదీ. 50 ఏళ్లు నిండినవాళ్లు ముందు 90 రోజుల నాన్-ఓ వీసా (టూరిస్టుగా కాక, ఎక్కువ కాలం ఉండటానికి తీసుకునే తొలి వీసా) తీసుకోవాలి. ఆ గడువు చివరి 30 రోజుల్లో టీఎం 7 ఫారం పెట్టి ఏడాది పొడిగింపు అడగాలి. అందుకు థాయ్ బ్యాంకులో 8 లక్షల బాత్‌లు దరఖాస్తుకు రెండు నెలల ముందు నుంచీ ఉండాలి. పొడిగింపు వచ్చాక మరో మూడు నెలలు అది కదలకూడదు, ఆ తర్వాత కూడా 4 లక్షలకు తగ్గకూడదు. (నెలకు 65 వేల బాత్‌ల ఆదాయం చూపించే దారి వేరే ఉంది.) అంటే 90 రోజుల్లో మొదటి రెండు మూడు వారాల్లోపే డబ్బు పడిపోవాలి. ఆలస్యమైతే రెండు నెలల లెక్క కుదరదు.

ఏజెంటు చేసేదేమిటంటే, మీ పేరున ఖాతా తెరిపించి, ఎవరిదో 8 లక్షలు అందులో వేసి, బ్యాంకు లెటర్ తీసుకుని, స్టాంపు పడగానే వెనక్కి లాగేసుకోవడం. పాస్‌బుక్ తనే ఉంచుకునేదీ, ఖాళీ విత్‌డ్రాయల్ స్లిప్పుల మీద ముందే సంతకాలు పెట్టించుకునేదీ అందుకే. ఆ డబ్బు ఎవరిదో, ఎక్కడిదో మీకు తెలీదు. ఖాతా మాత్రం మీ పేరునే ఉంటుంది, రేపు పోలీసులు అడిగేదీ మిమ్మల్నే. మరుసటి ఏడాది సొంతంగా వెళ్తే ఇమిగ్రేషన్ ఆఫీసు 12 నెలల స్టేట్‌మెంట్ అడుగుతుంది. అందులో స్టాంపు పడగానే ఖాతా ఖాళీ అయినట్టు కనిపిస్తుంది. ఇక మళ్లీ అదే ఏజెంటు కాళ్లు పట్టుకోవాలి, వాడు చెప్పిందే రేటు.

దొంగ స్టాంపు వేసి ఇచ్చేవాళ్లూ ఉన్నారు. అప్పుడు మీ అసలు గడువు ముగిసిన రోజు నుంచీ ఓవర్‌స్టే (గడువు దాటి ఉండిపోవడం) కిందే లెక్క: రోజుకు 500 బాత్‌లు, గరిష్ఠంగా 20 వేలు. జరిమానాతో పోతే అదృష్టమే. తనిఖీలో పట్టుబడితే ఏడాదిలోపు ఓవర్‌స్టేకే ఐదేళ్లు దేశంలోకి రానివ్వరు. మీరుండే ప్రావిన్సు కాక ఎక్కడో దూరపు ఆఫీసు పేరుతో స్టాంపు ఉంటే అనుమానించాల్సిందే.

‘జంట’ అన్న మాట వెనక ఇంకో తిరకాసు ఉంది. చాలా ప్యాకేజీల్లో ఒకరిదే రిటైర్‌మెంట్ పొడిగింపు, రెండోవారిది డిపెండెంట్ (వారి మీద ఆధారపడిన జీవిత భాగస్వామి) పొడిగింపు. పద్ధతి చట్టబద్ధమే, 8 లక్షలు ఒకరు చూపిస్తే చాలు. కానీ భార్య అక్కడ ఉండటం భర్త స్టాంపు మీద వేలాడుతుంది (లేదా భర్త ఉండటం భార్య స్టాంపు మీద). ఆయన రీ-ఎంట్రీ పర్మిట్ (బయటికెళ్లి అదే పొడిగింపు మీద తిరిగి రావడానికి అనుమతి) తీసుకోకుండా దేశం దాటితే ఆయన పొడిగింపు రద్దవుతుంది, దాంతోపాటే ఆమెదీ పోతుంది. టీఎం 8 ఫారంతో తీసుకునే ఆ పర్మిట్ ఒకసారికి 1,000 బాత్‌లు, ఎన్నిసార్లైనా అయితే 3,800. ఆయన చనిపోతే ఆమె ఆధారం పోతుంది, ఆయన ఒక్కరి పేరున ఉన్న ఖాతా కోర్టు ఉత్తర్వు వచ్చేదాకా స్తంభించిపోతుంది. ఇద్దరికీ 50 దాటి, డబ్బు కుదిరితే, ఎవరి ఖాతా వాళ్లది, ఎవరి పొడిగింపు వాళ్లది చేసుకోవడమే మేలు. జాయింట్ ఖాతా జోలికి పోవద్దు. ఒక్కో ఆఫీసు ఒక్కోలా చూస్తుంది.

డిపెండెంట్ దారే అయితే పెళ్లి సర్టిఫికెట్‌ను మీ రాయబార కార్యాలయంలో ధ్రువీకరించి, థాయ్‌లోకి అనువదించి, థాయ్ విదేశాంగ శాఖ ముద్ర వేయించాలి. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఉండి సర్టిఫికెట్‌లో పొడి అక్షరమే ఉంటే అక్కడే ఆగిపోతారు. ముందే సరిచేయించుకోండి.

ఖర్చు లెక్క కూడా చూడండి. దేశంలో ఉండగానే నాన్-ఓకు మారే ఫీజు మనిషికి 2,000, పొడిగింపు 1,900. ఇద్దరికీ కలిపి 7,800 బాత్‌లు. మిగతాదంతా ఏజెంటు జేబులోకే. కాగితాలు సర్దిపెట్టి క్యూలో తోడు నిలబడే ఏజెంటుకు కొంత ఇవ్వడంలో తప్పులేదు. బ్యాంకులో డబ్బు చూపించక్కర్లేదన్నవాడికి మాత్రం రూపాయి కూడా ఇవ్వొద్దు. మీరు ఫలానా ఇంట్లో ఉంటున్నారని ఇంటి యజమాని పెట్టాల్సిన టీఎం 30 రసీదు, 90 రోజులకోసారి మీ చిరునామా తెలిపే టీఎం 47 రిపోర్టు (మరిస్తే 2,000 జరిమానా) ప్యాకేజీలో ఉన్నాయో లేవో అడిగితే చాలామంది నీళ్లు నములుతారు.

ఇప్పటికే కొన్నవాళ్లు ముందు పాస్‌పోర్టులు, పాస్‌బుక్ వెనక్కి తెచ్చుకోండి. స్టాంపు అసలుదేనని తేలితే, గడువులోపే ఇద్దరూ దేశం దాటి, బయటి నుంచి కొత్త నాన్-ఓకు దరఖాస్తు పెట్టి, ఈసారి సొంత డబ్బుతో మొదలుపెట్టండి. స్టాంపు మీద అనుమానం ఉంటే విమానం టికెట్ కొనకముందే లాయరును కలవండి. ఎయిర్‌పోర్టు కౌంటర్ దగ్గర బయటపడితే ఏజెంటు ఫోన్ ఎత్తడు.