ఏటి ఒడ్డున ఆగిపోయే దారులు: నల్లమల అంచున ఆరేళ్ళ సైకిలు ప్రయాణం

మన వైపు సైకిలు తొక్కేవాళ్ళను అడవి దారి ఏది బాగుంటుందని అడిగితే పదిమందిలో తొమ్మిది మంది శ్రీశైలం రోడ్డు పేరే చెబుతారు. ఆరేళ్ళ కిందట నాకూ అదే చెప్పారు. నేను ఉండేది అచ్చంపేట. ఆ రోడ్డు మీద అడవి గేటు ఉండే మన్ననూరు చెక్‌పోస్టు సైకిలు మీద గంటన్నర. అందుకని మొదటి ఏడాదంతా ఆ రోడ్డునే పట్టుకుని వేలాడాను. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే ఆ పేరు చిట్టచివర చెబుతాను.

రోడ్డు చెడ్డదని కాదు. హాజీపూర్ దాటాక మన్ననూరు దాకా ఎక్కే ఘాటు, ప్రతాపరుద్రుని కోట ఉన్న గుట్టలు, పైన పీఠభూమి మీద చల్లగాలి, అన్నీ పేరుకు తగ్గట్టే ఉంటాయి. చిక్కంతా బండ్లతోనే. పులుల అభయారణ్యం కాబట్టి రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు గేటు మూసేస్తారు. మంచి నిబంధన, జంతువులకు ఆ మాత్రం నిద్ర దక్కాలి. కానీ రాత్రంతా గేటు దగ్గర కాచుకున్న కార్లూ బస్సులూ ఆరు కొట్టగానే తూము ఎత్తిన కాలువలా ఒక్కపెట్టున వస్తాయి. ప్రశాంతంగా ఉంటుందని సరిగ్గా ఆ వేళకే బయలుదేరే సైకిలువాడు ఆ ప్రవాహంలో పడతాడు. నేను పడ్డాను. ఇప్పుడు వెళ్ళవలసి వస్తే మన్ననూరులో కూర్చుని రెండు టీలు తాగి, ఆ గుంపు వెళ్ళిపోయాక బయలుదేరతాను. శివరాత్రి ముందు వారం అసలు ఆ వైపే వెళ్ళను. ఆ రోజుల్లో రోడ్డంతా పాదయాత్ర స్వాములది, అది వాళ్ళ హక్కు.

కోతుల సంగతి వేరే చెప్పాలి. కార్లలోంచి అరటిపళ్ళు విసిరి విసిరి జనం వాటిని రోడ్డు పక్కకు అలవాటు చేశారు. హ్యాండిల్‌కు తగిలించిన సంచీ కనిపిస్తే అందులో తిండే ఉంటుందని వాటి నమ్మకం. నా సంచీలో ఉన్నది ట్యూబు, ప్యాచీల డబ్బా. అవి పట్టుకుని ఒకటి చెట్టెక్కింది. ఆ రోజు పంక్చర్ కాకపోవడం నా అదృష్టం.

వటవర్లపల్లి దగ్గర పక్కకు తిరిగితే ఎనిమిది కిలోమీటర్లలో మల్లెలతీర్థం. వానలు తగ్గిన కొత్తలో, వారం మధ్యలో అయితే వెళ్ళండి. ఆదివారం వద్దు.

రెండో ఏడు మా బావకు కొల్లాపూర్ బదిలీ అయింది. ఆయన ఇంటికి వెళ్ళిన ఒక ఉదయం ఊరికే సోమశిల దాకా తొక్కాను. పది కిలోమీటర్ల దూరం ఒక లెక్కలోది కాదు. అయినా అప్పటిదాకా నేను తిరిగిన దారులన్నీ ఒక ఎత్తు, అదొక ఎత్తు. కొల్లాపూర్ మామిడి తోటలు దాటాక దారి గుట్టల మధ్యకు దిగుతుంది. ఒక మలుపు తిరిగితే కింద కృష్ణ, ఆవల నల్లమల. రోడ్డు మీద నేను, ఒక మేకల మంద, అంతే. ఇంత నిశ్శబ్దం ఎందుకా అని ఆలోచిస్తే కారణం చాలా మామూలుది. దారి అక్కడితో సరి. ముందుకు వెళ్ళాలంటే పడవ ఎక్కాలి. సోమశిలలో పని ఉన్నవాడు తప్ప ఇంకొకడు ఆ దారిన రాడు.

అప్పటి నుంచి మ్యాపులో పచ్చదనం వెతకడం మానేశాను. నీలం గీత దగ్గరకు వచ్చి ఆగిపోయే సన్న గీతలను వెతుకుతున్నాను.

సోమశిలకు ఇప్పటికి ముప్పై నలభై సార్లు వెళ్ళి ఉంటాను. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతాయని పాత గుళ్ళను తరలించి పైన మళ్ళీ కట్టారు. ఆ ఆవరణలో చెట్టు నీడన సైకిలు ఆనించి ఒక గంట కూర్చుంటే తిరుగు ప్రయాణానికి సత్తువ వస్తుంది. సెప్టెంబరు, అక్టోబరుల్లో నిండు నీళ్ళ మధ్య గుట్టలు దీవుల్లా కనిపిస్తాయి. ఎండాకాలంలో నీరు వెనక్కి తగ్గి ఒండ్రు నేల బయటపడుతుంది, అవతలి గట్టున సంగమేశ్వరం గుడి నీళ్ళలోంచి లేస్తుంది. చూడటానికి రెండూ బాగుంటాయి, తొక్కడానికి మాత్రం మొదటిదే. వెళ్ళేటప్పుడు దిగుడు కాబట్టి హుషారుగా పోతాం. వచ్చేటప్పుడు అదే ఎత్తును పదకొండు గంటల ఎండలో ఎక్కాలి. తొందరగా వెళ్ళి తొందరగా రండి, లేకపోతే చేపల పులుసు తిని సాయంత్రం దాకా ఆగండి. నేను రెండో రకం.

అడవి కావాలనేవాళ్ళకు మద్దిమడుగు దారి. మన్ననూరు నుంచి అమ్రాబాద్, పదర మీదుగా వెళ్ళి పబ్బతి ఆంజనేయస్వామి గుడి దగ్గర ఆగుతుంది, అక్కడి నుంచి కృష్ణ దూరం కాదు. మంగళవారం, శనివారం భక్తుల జీపులతో నిండిపోతుంది. మిగిలిన రోజుల్లో పదర దాటాక మన చైను చప్పుడు మనకు వినిపిస్తుంది. టేకు, మద్ది, ఇప్ప, తునికి చెట్లు. ఫోనుకు సిగ్నల్ సరిగా అందదు కాబట్టి ఎన్ని గంటలకు తిరిగి వస్తారో ఇంట్లో చెప్పి వెళ్ళండి. తారు రోడ్డు దిగి అడవి బాటల్లోకి వెళ్ళకండి, అనుమతి లేనిదే ఎవరూ వెళ్ళకూడదు.

ఒక పొరపాటు నేనూ చేశాను. అడవి కదా, ఎండాకాలంలో నీడ ఉంటుందని మార్చి నెలాఖరున వెళ్ళాను. నల్లమల ఆకు రాల్చే అడవి. సరిగ్గా మనకు నీడ కావలసిన రోజుల్లోనే చెట్లన్నీ కట్టెల్లా నిలబడతాయి. వేడి రాళ్ళలోంచి తిరిగి ముఖానికి కొడుతుంది. పోనీ చీకటితో బయలుదేరదామంటే ఇప్పపూలు రాలే కాలం. పదర దగ్గర ఒక చెంచు పెద్దాయన నన్ను ఆపి, “సారూ, పూల కోసం ఎలుగుబంటి తెల్లారకముందే వస్తుంది. మీ బండికి చప్పుడు లేదు, దాని మీదకే వెళ్ళిపోతారు. ఎండ పడ్డాక రండి” అన్నాడు. చప్పుడు లేకపోవడం కూడా ఒక ప్రమాదమని నాకు అంతకుముందు తట్టలేదు. అప్పటి నుంచి మలుపు మలుపుకూ బెల్లు కొడతాను. ఈ ఆరేళ్ళలో దుప్పులు, కొండముచ్చులు, నెమళ్ళు లెక్కలేనన్ని చూశాను. ఎలుగును ఒకసారి, దూరం నుంచి. అది చాలు. జూలై నుంచి డిసెంబరు దాకా ఈ దారికి తిరుగు లేదు.

మూడోది నల్లగొండ జిల్లాలో, దేవరకొండ నుంచి వైజాగ్ కాలనీకి వెళ్ళే దారి. సాగర్ డ్యామ్ కట్టే రోజుల్లో విశాఖ వైపు నుంచి వచ్చిన జాలర్లు స్థిరపడ్డ ఊరు కాబట్టి ఆ పేరు. పైన దుందుభి, కింద డిండి అని పిలిచే వాగు కూడా ఆ వైపే వెళ్ళి కృష్ణలో కలుస్తుంది. చెట్లు తక్కువ, బండలు ఎక్కువ, ఎగుడుదిగుడు దారి. వేయించిన చేపలు మాత్రం సోమశిల కంటే బాగుంటాయి. మా బావ ఒప్పుకోడు.

సైకిలు గురించి రెండు మాటలు. మొదట 25 మిల్లీమీటర్ల సన్న టైర్లు వాడాను. తుమ్మముళ్ళు, పల్లేరుకాయలు కలిసి ఒక్క వానాకాలంలో ట్యూబును జల్లెడ చేశాయి. 32కు మారాక వేగం కొంచెం తగ్గింది, చిరాకు చాలా తగ్గింది. ఒకసారి లింగాల దగ్గర ట్యూబు మారుస్తుంటే ఒక పెద్దమ్మ కాసేపు చూసి, “బిడ్డా, ఉద్యోగం ఉందంటున్నావు, మోటారు సైకిలు కొనుక్కోలేకపోయావా?” అని నిజంగానే బాధపడింది.

ఏ పుస్తకంలోనూ రాయని గండం ఇంకొకటి ఉంది, వడ్లు. కల్వకుర్తి ఎత్తిపోతల నీళ్ళు వచ్చాక ఒకప్పటి జొన్న చేలలో కూడా వరి పండుతోంది. కోతలు కాగానే సగం రోడ్డు కల్లం అవుతుంది. వడ్ల చుట్టూ రాళ్ళు పేరుస్తారు, వడ్లు ఎత్తాక రాళ్ళు అక్కడే ఉండిపోతాయి. మసక వెలుతురులో ఆ రాయి కనిపించదు. నా ముందు చక్రం వంకరపోయింది అలాగే. రైతును తిట్టలేను, ఆరబెట్టుకోవడానికి వాళ్ళకు మాత్రం చోటెక్కడిది? నవంబరులో చీకటి పడేలోగా ఇంటికి చేరుకుంటాను.

ఇదంతా చదివి సోమశిల వెళ్ళాలనుకుంటే ఆలస్యం చేయకండి. సోమశిల నుంచి అవతలి సిద్ధేశ్వరం దాకా తీగల వంతెన కట్టడానికి 2022లో కేంద్రం ఆమోదం తెలిపింది, అంచనా సుమారు 1,082 కోట్ల రూపాయలు. కొల్లాపూర్ నుంచి నంద్యాలకు చుట్టు తిరగకుండా పోవచ్చు. అంటే నా దారి ఎక్కడికో పోయే దారి అవుతుంది, లారీలు వస్తాయి. నాకు బాధగా ఉందని రేవులో పడవ నడిపే ఒకాయనతో అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. “2007లో మంచాలకట్ట దగ్గర పడవ మునిగినప్పుడు మీరు ఇక్కడ లేరు కదా” అన్నాడు. ఆ జనవరిలో పదుల మంది పోయారు. నేను ఇంకేమీ మాట్లాడలేదు. ఆయనే కాసేపటికి సైకిలు ఎత్తి పడవలో పెట్టి, దానికి వేరే టిక్కెట్టు అన్నాడు. ఇచ్చాను.