ది థర్డ్ మ్యాన్: వాలిన ఫ్రేము, తడి వీధి, ఒక్క జిథర్

యుద్ధం ముగిసిన వియన్నా. నగరాన్ని నాలుగు దేశాల సైన్యాలు పంచుకుని ఏలుతున్నాయి. స్నేహితుడు ఉద్యోగమిస్తానంటే ఒక చవకబారు నవలల రచయిత అక్కడికి వస్తాడు. వచ్చేసరికి ఆ స్నేహితుడి అంత్యక్రియలు జరుగుతుంటాయి. కరోల్ రీడ్ 1949లో తీసిన ఈ నలుపు తెలుపు సినిమా కథ ఇంతకుమించి చెప్పకూడదు. థ్రిల్లర్లు తీయాలనుకునేవాళ్లు మాత్రం దీన్ని రెండుసార్లు చూడాలి: ఒకసారి కథ కోసం, ఇంకోసారి కేవలం లైటింగ్ కోసం.

ఛాయాగ్రాహకుడు రాబర్ట్ క్రాస్కర్‌కి దీనికి ఆస్కార్ వచ్చింది. రాత్రి సన్నివేశాల్లో రాళ్లు పరిచిన వీధులన్నీ తడిగా ఉంటాయి. పొడి రాయి వెలుతురుని మింగేస్తుంది, తెర మీద నల్లటి మచ్చలా మిగిలిపోతుంది. నీళ్లు చల్లి మనిషి వెనక నుంచి లైటు వేస్తే ప్రతి రాయి అంచూ మెరుస్తుంది, మనిషి ఆకారం విడిగా కనబడుతుంది. బెలూన్లమ్మే ముసలాయన నీడ గోడంతా పరుచుకునే షాట్ చూడండి. లైటు కిందుగా ఉండాలి, మనిషి గోడకన్నా దానికే దగ్గరగా ఉండాలి; అప్పుడే నీడ అంత పెరుగుతుంది. లైటు ముందు పల్చటి గుడ్డ కట్టి మెత్తబరిస్తే నీడ అంచులు చెదిరిపోతాయి, భయమూ పోతుంది.

అన్నిటికన్నా గొప్పది గుమ్మం షాట్. చీకట్లో బూట్లు, వాటి దగ్గర ఒక పిల్లి. ఎదుటి మేడలో ఎవరో విసుక్కుంటూ కిటికీ తెరిస్తే ఆ వెలుతురు గుమ్మంలోని మొహం మీద పడుతుంది. లైటు ఎక్కణ్ణుంచి వచ్చిందో ప్రేక్షకుడికి తెలుసు కాబట్టి అది దర్శకుడి గారడీలా అనిపించదు.

కెమెరాని పక్కకి వాల్చి తీసిన ఫ్రేముల దగ్గర నాకు కొంచెం పేచీ ఉంది. మెట్ల దగ్గర, పరాయి భాషలో అరిచే గుంపు మధ్య అవి బ్రహ్మాండంగా పనిచేస్తాయి. మామూలు సంభాషణల్లోనూ వాడేసరికి పదును తగ్గింది.

సంగీతం మొత్తం ఆంటోన్ కరాస్ వాయించిన జిథర్ అనే తీగల వాద్యం. టైటిల్స్ నడుస్తుంటే దాని తీగలే తెరంతా కంపిస్తుంటాయి. మామూలు థ్రిల్లర్‌లో ప్రమాదానికి ముందే వయొలిన్లు హెచ్చరిస్తాయి. ఇక్కడ బాణీ హుషారుగా సాగిపోతుంది, ఎవర్ని నమ్మాలో ఒక్క ముక్క చెప్పదు. దాంతో మన కళ్లే కాపలా కాయాలి. మురుగు సొరంగాల వేటలో ఆ జిథర్ కూడా తప్పుకుంటుంది: నీళ్ల హోరు, బూట్ల చప్పుడు, ఎటునుంచో తెలియని కేకలు. సంగీతం ఎక్కడ ఆపాలో తెలిసిన సినిమా ఇది.

సినిమా డిస్కు కొనేముందు నిడివి చూసుకోండి. బ్రిటిష్ వెర్షన్ సుమారు 104 నిమిషాలు. అమెరికాలో విడుదలైంది దాదాపు 93 నిమిషాలే. మొదట్లో వచ్చే వ్యాఖ్యానం గొంతు కూడా వేరు. పొడుగుదే తీసుకోండి. టీవీలో సినిమా మోడ్ పెట్టి, కదలికని నున్నగా చేసే సెట్టింగ్ ఆపేయండి. బ్రైట్‌నెస్ పెంచితే నలుపు బూడిదరంగుకి తిరిగి, నీడలన్నీ చచ్చిపోతాయి. బొమ్మకి రెండు పక్కలా నల్ల పట్టీలు ఉండాల్సిందే. తెర నిండాలని జూమ్ చేస్తే పైనా కిందా తెగిపోతుంది, సాగదీస్తే వాలిన ఫ్రేముల కోణాలే మారిపోతాయి. శబ్దం మోనో, అంటే ఒకే ఛానెల్; సరౌండ్ ఎఫెక్టులు అక్కర్లేదు.