పెంకుటింటి పాచికి ప్రెషర్ వాష్ + కోటింగ్ ప్యాకేజీ తీసుకోబోతున్నారా, అడ్వాన్స్ ఇచ్చేముందు ఇది చదవండి

ఊళ్ళో పాత పెంకుటిల్లు ఉన్నవాళ్ళందరికీ చెప్తున్నా, ముఖ్యంగా అమ్మానాన్నలు ఊళ్ళో ఉండి పిల్లలు హైదరాబాద్‌లోనో బయట దేశంలోనో ఉన్నవాళ్ళు కాస్త ఓపిగ్గా చదవండి. పెంకుల మీద పాచి మొత్తం మెషిన్‌తో కడిగేసి, పైన వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేసి, పదేళ్ళ గ్యారంటీ ఇస్తాం అని ఎవరైనా వస్తే దయచేసి ఒప్పుకోకండి. మాకు 60 వేల పైన పోయాయి, డబ్బు సంగతి అలా ఉంచితే ఆ పని చేసిన రోజు నాన్నగారికి ఊపిరాడక హాస్పిటల్‌కి తీసుకెళ్ళాల్సి వచ్చింది, అందుకే ఇంత వివరంగా రాస్తున్నా.

మాది అమలాపురం దగ్గర ఊరు. తాతగారు కట్టించిన మండువా లోగిలి, బెంగుళూరు పెంకులు, చుట్టూ కొబ్బరి చెట్లు, ఉత్తరం వైపు పెద్ద పనస చెట్టు. ఆ నీడ పడే వైపు పెంకులన్నీ ఎప్పుడూ పచ్చగానే ఉంటాయి, వానాకాలం అయితే పాచి మెత్తగా పరుపులా లేస్తుంది. ఇల్లు ఎక్కడా కారేది కాదు. కానీ ఫోన్‌లో రీల్స్ చూపించి, పాచి పెంకుని తినేస్తుంది, వదిలేస్తే కప్పు మొత్తం మార్చుకోవాలి అని టౌన్ నుంచి వచ్చినాయన అమ్మకి నాన్నగారికి బాగా భయం పెట్టేశాడు.

వీళ్ళు అమ్మే పద్ధతి చెప్తా, గుర్తుపెట్టుకోండి. వచ్చీ రాగానే చూరు దగ్గర రెండు మూడు పెంకుల మీద మెషిన్ పెట్టి ఉచితంగా కడిగి చూపిస్తారు. నల్లగా ఉన్న పెంకు క్షణంలో ఎర్రగా మెరుస్తుంది, చుట్టూ చూసేవాళ్ళందరూ అబ్బా అంటారు, అక్కడే సగం అడ్వాన్స్ చేతులు మారుతుంది. కానీ మట్టి పెంకు తడిస్తే ఏ పెంకైనా ఎర్రగానే కనిపిస్తుందండి! అది పూర్తిగా ఆరాక చూడాలి. మా ఇంట్లో ఆరాక చూస్తే కడిగిన పెంకు పాలిపోయి, చేత్తో రుద్దితే ఎర్రటి పొడి అంటుకుంది. పక్కనే కడగని పెంకు మీద చెయ్యి పెడితే నున్నగా, గట్టిగా ఉంది. బట్టీలో కాలినప్పుడు పెంకుకి పైన గట్టి పొర వస్తుంది, వాననీళ్ళు లోపలికి ఇంకకుండా చాలావరకు కాపాడేది అదే. ఈ మెషిన్లు చిన్నవైనా 100 బార్ పైన ప్రెషర్‌తో కొడతాయి, దగ్గరగా పెట్టి కొడితే పాత పెంకు మీద ఆ పొర నిలవదు. ఆ పొర లేచిపోయిన పెంకు ఇంకా ఎక్కువ నీళ్ళు తాగుతుంది, తేమ ఎక్కువసేపు ఉంటుంది, పాచి మునుపటికన్నా తొందరగా పడుతుంది. అంటే ఏ పాచి పోవాలని డబ్బులిచ్చామో దానికే ఇంకా మంచి చోటు తయారుచేసి పెట్టారు.

ఇంకో విషయం, బెంగుళూరు పెంకు ఒకదాని మీద ఒకటి ఎక్కి, పక్క గాడిలో గాడి కూర్చుని ఉంటుంది. మనం బెంగుళూరు పెంకు అంటాం కానీ ఇది మంగుళూరు పెంకే, 1865లో అక్కడ బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీల సంస్థ వాళ్ళు ఈ పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచీ ఉన్న లెక్క అదే, పై నుంచి కిందికి జారే నీళ్ళని బయటికి పంపడానికి చేసిన అమరిక. నిచ్చెన మీద నిలబడి కింద నుంచి పైకి కొడితే ఆ నీళ్ళు నేరుగా పెంకు సందులోంచి లోపలికే పోతాయి. మా అటక మీద పెట్టిన పాత కాగితాలు, పరుపులు మొత్తం తడిసిపోయాయి, పెంకులు ఆనే చెక్క రీపర్ల మీద పాచి, బురద కలిసిన నీళ్ళు చారలు కట్టాయి. పైనున్న కరెంటు వైర్ల జాయింట్ల మీద నీళ్ళు పడి షాక్ కొడుతుందేమోనని మెయిన్ ఆపేసి రాత్రంతా చీకట్లో ఉన్నారు. పని మొదలుపెట్టే ముందు మెయిన్ ఆపాలి, సర్వీసు వైరు ఎటు వస్తుందో చూసుకోవాలి అన్న మాట వాళ్ళ నోటి నుంచి రాలేదు. అల్యూమినియం నిచ్చెన తీసుకొచ్చి ఆ వైరు పక్కనే ఆనించారు, అది చూసి అమ్మ గట్టిగా అరిస్తే అప్పుడు జరిపారు.

ఇప్పుడు అసలు ప్రమాదం. మెషిన్‌కి పోని పాచి మీద ముందు బ్లీచింగ్ పౌడర్ నీళ్ళలో కలిపి పోశారు, అది ఆరకముందే ఇంకో కుర్రాడు యాసిడ్ డబ్బా తెచ్చి దాని మీదే పోశాడు. బాత్రూములు కడిగే యాసిడే, హైడ్రోక్లోరిక్ యాసిడ్. బ్లీచింగ్, యాసిడ్ కలిస్తే క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. అది గాలి కన్నా బరువు, పైకి పోదు, కిందికి దిగుతుంది. మండువా ఇల్లు ఎలా ఉంటుందో తెలుసుగా, నాలుగు వైపుల కప్పు నీళ్ళు మధ్యలోకే పడతాయి, ఆ గ్యాస్ కూడా తిన్నగా మండువాలోకి దిగింది, నాన్నగారు అక్కడే మంచం మీద కూర్చుని ఉన్నారు. కళ్ళు మండి, దగ్గు ఆగక, మాట రాలేదు. పక్కింటి బాబాయ్ వచ్చి వీధి అరుగు మీదికి లాక్కొచ్చి, మొహం కళ్ళు మంచినీళ్ళతో కడిగి, ఆటోలో తీసుకెళ్ళారు. దేవుడి దయ వల్ల ఆక్సిజన్ పెట్టాక కుదురుకున్నారు. మీ ఇంట్లో ఎవరు ఏం క్లీన్ చేస్తున్నా సరే ఈ రెండూ ఒకే చోట అస్సలు వాడనివ్వకండి, పనివాళ్ళకి కూడా చెప్పండి, ఆ కుర్రాళ్ళకి కూడా ఇది తెలియదు, వాళ్ళ కళ్ళూ ఎర్రబడ్డాయి, వాళ్ళకి ఒక మాస్క్ కూడా ఇవ్వలేదు వాళ్ళ ఓనర్.

యాసిడ్ వల్ల ఇంకా ఏం జరిగిందంటే కొప్పు పెంకుల కింద పెట్టిన సున్నం తెల్లగా నురగ కక్కి కరిగిపోయింది. సున్నమైనా సిమెంటైనా యాసిడ్‌కి నిలవదు. కొప్పు పెంకులు రెండు చేత్తో కదిపితే కదులుతున్నాయి. కింద మండువాలో తులసి, పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోయాయి. కడిగిన పాచి అంతా కొట్టుకొచ్చి మూలల్లో నీళ్ళు దిగే రేకు గాడిలో పేరుకుపోయింది, దాన్ని తీయకుండానే కోటింగ్ వేసేశారు. దీపావళి తర్వాత గట్టి వాన పడితే అక్కడ నీళ్ళు నిలబడి పొంగి వంటింటి గోడ మీద నుంచి కారాయి. ముందెప్పుడూ ఆ మూల కారలేదు.

కోటింగ్ గురించి ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది. మట్టి పెంకు పై నుంచే కాదు, కింద నుంచి కూడా తేమ పీలుస్తుంది, వంటింటి ఆవిరి, ఇంట్లో ఉక్క అంతా అటే పోతుంది. పైన ప్లాస్టిక్ లాంటి పొర వేసేస్తే ఆ తేమ బయటికి పోలేక పొర కిందే ఉండిపోతుంది, తర్వాత అది బొబ్బలెక్కి పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చు కింద మళ్ళీ పాచి. ఇది ఒక ఎత్తు. అంతకన్నా పెద్ద నష్టం ఏంటంటే ఆ రంగు పెంకుకీ పెంకుకీ మధ్య సందులోకి దిగి రెండింటినీ అతికించేస్తుంది. పెంకుటిల్లు ఇన్నేళ్ళు నిలబడేదే, పగిలిన పెంకు ఒక్కటి పైకెత్తి తీసి ఇంకోటి దూర్చుకోవచ్చు కాబట్టి. కోతి దూకి పెంకు పగిలితే గంటలో సరిచేసుకునేవాళ్ళం. ఇప్పుడు ఒకటి తీయబోతే పక్కది అంచు విరిగి వస్తోంది. పాత సైజు పెంకులు దొరకడం ఎంత కష్టమో పాత ఇళ్ళు ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, కూల్చిన ఇళ్ళ దగ్గర వెతుక్కోవాలి.

గ్యారంటీ అని ఇచ్చింది ఒక రంగుల కార్డు. దాని మీద అడ్రస్ లేదు, జీఎస్టీ నంబర్ లేదు, ఏ కోటింగ్ వేశారో పేరు లేదు. ఫోన్ చేస్తే మొదట వస్తాం సార్ అన్నారు, తర్వాత పెంకులే పాతవి సార్ మేమేం చేస్తాం అన్నారు, ఇప్పుడు ఎత్తట్లేదు.

సరే, మరి పాచి ఎలా తీయాలి అంటే, ఇదంతా అయ్యాక ఊళ్ళో పెంకు పని చేసే పెద్ద మేస్త్రిని పిలిపించాం. ఆయన పైకెక్కి చూసి దిగి అన్న మాట, "దీనికి వేళ్ళుంటాయా బాబూ, ఎండాక వెదురుబద్ద పెడితే అదే ఊడొచ్చేద్ది, దీనికి మిషినెందుకు." నిజమే, పాచికి చెట్టులా లోపలికి దిగే వేళ్ళు ఉండవు, సన్నటి నూగు లాంటి దానితో పైపైన పట్టుకుని ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు జారుతుంది, సాగుతుంది, మరకలవుతుంది. సంక్రాంతి వెళ్ళాక మంచు తగ్గి ఎండ పట్టిన రోజుల్లో అయితే ఎండిపోయి అట్టలు అట్టలుగా లేస్తుంది. వెదురుబద్దతోనో చెక్క ముక్కతోనో గీరి, కొబ్బరి పీచు బ్రష్‌తో పై నుంచి కిందికి మాత్రమే తోయాలి, పక్కలకి తోస్తే గాడిలో ఇరుక్కుంటుంది. ఇనప బ్రష్ వద్దు, పెంకు గీసుకుపోతుంది. కింద బరకం పరుచుకుంటే రాలిందంతా ఒకేసారి ఎత్తేయొచ్చు, కొబ్బరి మొక్క మొదట్లో వేసుకోవచ్చు. చివర్లో మూల గాడులు చేత్తో శుభ్రం చేయాలి, ఇదే అన్నిటికన్నా ముఖ్యం, ఎందుకంటే పాచి పెంకు మధ్యలో ఉంటే పెద్ద నష్టమేమీ లేదు, నీళ్ళు పోయే గాడిలో, పెంకు మీద పెంకు ఎక్కే చోట అడ్డం పడితేనే నీళ్ళు వెనక్కి తన్ని లోపలికి వస్తాయి. నల్ల మచ్చలు మిగిలితే మిగలనివ్వండి, వాటివల్ల ఇల్లు కారదు.

మనిషి పైకెక్కే పద్ధతి కూడా చూసుకోండి. చూరు అంచుకి చేయి అందే దూరంలో పని నిచ్చెన మీద నుంచే అయిపోతుంది, నాలుగు అడుగుల ఎత్తుకి ఒక అడుగు దూరం లెక్కన కాలు పెట్టి, కింద ఒకళ్ళు పట్టుకోవాలి. ఇంకా పైకి వెళ్ళాలంటే పెంకుల మీద నడవకూడదు. మా మేస్త్రి కొక్కెం ఉన్న చెక్క నిచ్చెన కొప్పుకి అవతల వైపు తగిలించి కప్పు మీద పరిచాడు, కింద గోనెసంచులు మడతపెట్టాడు, బరువంతా ఒక్క పెంకు మీద పడకుండా. నడుముకి తాడు కట్టి రెండో కొస అవతల వైపు కొబ్బరి చెట్టుకి కట్టించాడు. మెషిన్ తెచ్చినవాళ్ళు మాత్రం ఒక పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ణి చెప్పుల్లేకుండా, తాడు లేకుండా తడి పాచి మీద నిలబెట్టారు, పైపు వెనక్కి తంతుంటే వాడు ఊగుతున్నాడు. మన ఇంటి మీద నుంచి ఎవరి బిడ్డైనా పడిపోతే మనం ఏం చెప్పుకుంటాం. తాడు లేకుండా ఎక్కితే పని ఆపేయమనండి, మొహమాటపడొద్దు.

మళ్ళీ రాకుండా ఉండాలంటే నీడ తగ్గించాలి. మా పనస చెట్టు కప్పు మీదికి వచ్చిన కొమ్మలు కొట్టించాం, ఎండ, గాలి తగులుతుంటే పాచి నెమ్మదిస్తుంది. కొప్పు వెంబడి రాగి పట్టీ కానీ జింకు పట్టీ కానీ పెట్టిస్తే వాననీళ్ళతో పాటు దిగే లోహం కింద కొన్ని అడుగుల వరకు పాచిని అదుపులో పెడుతుంది, అయితే ఆ నీళ్ళు చేపల చెరువులోకి పోయే ఇళ్ళయితే వద్దు, రాగి చేపలకి విషం. పాచి చంపే మందులు అని అమ్మేవాటిలో బెంజాల్కోనియం క్లోరైడ్ ఉంటే అదీ అంతే. మా వైపు ప్రతి ఇంటి వెనకా కాలవో చెరువో ఉంటుంది కాబట్టి చెప్తున్నా.

మర్చిపోయా, పశువుల పాకకో వసారాకో సిమెంటు రేకులు ఉంటే వాటి మీద ఆ మెషిన్ అస్సలు పెట్టనివ్వకండి, గీరనివ్వకండి. మన దగ్గర సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్బెస్టాస్ అనే సన్నటి నూగు ఉంటుంది, అది గాల్లో కలిసి ఊపిరితిత్తుల్లోకి పోతే ఏళ్ళ తర్వాత క్యాన్సర్ దాకా తీసుకెళ్తుంది. మా పాక రేకులు కూడా కడుగుతాం ఫ్రీగా అన్నారు, నేను ఫోన్‌లోనే వద్దన్నా.

ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చేసినవాళ్ళు ఉంటే, పని మొదలుకాకముందే వద్దని వాట్సాప్‌లో రాతపూర్వకంగా పెట్టండి, ఫోన్‌లో చెప్పి ఊరుకోవద్దు. పని అయిపోయి నష్టం జరిగినవాళ్ళు అయితే పగిలిన పెంకులు, కారిన గోడ, ఖాళీ యాసిడ్ డబ్బాలు, మందు డబ్బాల లేబుళ్ళు అన్నీ తేదీ పడేలా ఫోటోలు తీసి ఉంచండి, డబ్బు యూపీఐలో పంపితే ఆ రశీదు దాచండి. 1915 కి ఫోన్ చేస్తే నేషనల్ కన్స్యూమర్ హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడొచ్చు. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేయొచ్చు, నష్టం జరిగిన దగ్గర్నుంచి 2 ఏళ్ళలోపు వేయాలి, ఇచ్చిన డబ్బు 5 లక్షల లోపైతే ఫీజు లేదు, లాయర్ లేకుండా మనమే వేసుకోవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మనం ఉండే జిల్లాలోనే వేయొచ్చు, వాళ్ళ ఊరు వెళ్ళక్కర్లేదు. మేం 1915 లో కంప్లైంట్ పెట్టాం, హాస్పిటల్ బిల్లులు కూడా జతచేశాం. ఇలాగే నష్టపోయినవాళ్ళు మా చుట్టుపక్కల ఇంకెవరైనా ఉంటే మీ ఫోటోలు, రశీదులు పట్టుకుని ముందుకు రండి, కమిషన్‌కి కలిసి వెళ్దాం.