యూకన్సోల్: పరకాల రూట్లో రెండేళ్ల వాడకం తర్వాత

హన్మకొండ నుంచి పరకాల దాకా ఊళ్లల్లో ఇంటర్నెట్ ఫైబర్ లైన్లు చూసుకునే పని నాది. ఊళ్లోని కనెక్షన్లన్నిటినీ కలిపే నెట్‌వర్క్ స్విచ్ మొరాయిస్తే, దాన్ని సరిచేసే కన్సోల్ కేబుల్ తగిలించి కమాండ్లు కొట్టి చూడాలి. ఆ స్విచ్ డబ్బా ఎప్పుడూ గోడకు ఎత్తులోనే ఉంటుంది. స్టూలెక్కి ఒక చేతిమీద ల్యాప్‌టాప్ మోస్తూ ఇంకో చేత్తో టైప్ చేయడం ఎంత గోసో ఈ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. అందుకే చేతిలో ఇమిడే, లైనక్స్ (విండోస్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిచే కంప్యూటర్ కోసం వెతికాను. చివరికి కుదిరింది యూకన్సోల్ అనే కీబోర్డున్న చిన్న కంప్యూటర్.

మొదట చవకలో దొరికిన వేరే పరికరం కొన్నాను. ర్యామ్, ప్రాసెసర్ చూసి మోసపోయాను. దాంట్లో ఉన్నది కంపెనీ ఎప్పుడో వేసి వదిలేసిన పాత కెర్నల్, అంటే హార్డ్‌వేర్‌ను నడిపించే లైనక్స్ అసలు భాగం. డెబియన్ అనే లైనక్స్ రకం కొత్త వెర్షన్ వేస్తే వైఫై పోయింది. లైనక్స్ కెర్నల్ జీపీఎల్ లైసెన్స్ కింద ఉంటుంది, కొన్నవాళ్లు అడిగితే దాని సోర్స్ కోడ్ ఇవ్వాల్సిన బాధ్యత అమ్మినవాళ్లది. మూడుసార్లు మెయిల్ పెట్టినా జవాబు లేదు. అప్పటినుంచి నేను ముందుగా చూసేది ఒకటే: ఆ చిప్‌కు కెర్నల్ ఎవరు చూసుకుంటున్నారు?

చేత్తో పట్టుకుని ఆటలాడే కంప్యూటర్ స్టీమ్ డెక్ గురించీ ఆలోచించాను. ఆర్చ్ అనే ఇంకో లైనక్స్ రకం ఆధారంగా నడుస్తుంది, డెస్క్‌టాప్ కూడా ఉంది, శక్తికి తిరుగులేదు. కానీ దాదాపు 670 గ్రాముల బరువు, పైగా కీబోర్డు లేదు. ఆటలకైతే అదే తీసుకోండి. రోజంతా టైప్ చేసే నాకు మీటలు కావాలి.

నా యూకన్సోల్‌లో ఉన్నది రాస్‌ప్‌బెర్రీ పై కంప్యూట్ మాడ్యూల్ 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు. ఆ చిప్‌ను పట్టించుకునేవాళ్లు లోకమంతా ఉన్నారు. 5 అంగుళాల తెర, లైటు వెలిగే మీటలు, చిన్న ట్రాక్‌బాల్. కిట్‌గా వస్తుంది, స్క్రూలు మనమే బిగించుకోవాలి, సోల్డరింగ్ అక్కర్లేదు. బోర్డు స్కీమాటిక్ (సర్క్యూట్ బొమ్మ) కూడా అందరికీ పెట్టారు. నాకు దానిమీద నమ్మకం కుదిరింది అక్కడే.

పోయిన వానాకాలం గూడెప్పాడ్ దాటాక ఒక ఊళ్లో రాత్రి లైన్ పడిపోయింది. పంచాయతీ ఆఫీసులో కరెంటు లేదు, స్విచ్ ఒక్కటే ఇన్వర్టర్ మీద నడుస్తోంది. కుర్చీ ఎక్కి కన్సోల్ కేబుల్ (దాన్నే సీరియల్ కేబుల్ అంటాం) పెట్టి, స్విచ్‌తో మాట్లాడే పికోకామ్ ప్రోగ్రామ్ తెరిచాను. మీటలు వెలుగుతుంటే టార్చ్ అవసరమే పడలేదు. ఒక పోర్టు పడుతూ లేస్తూ మిగతావాటినీ చెడగొడుతోంది. దాన్ని ఆపగానే ఊరంతా లైన్ వచ్చింది. కింద నిలబడ్డ ముసలాయన "గది ఫోనా బిడ్డా?" అని అడిగితే "కంప్యూటరే తాతా" అన్నాను. దీనిమీద పెట్టిన డబ్బులన్నీ ఆ రాత్రే వచ్చేసినట్టనిపించింది.

బ్యాటరీల సంగతి మాత్రం జాగ్రత్త. దీనికి 18650 అనే సైజు లిథియం సెల్స్ రెండు కావాలి, వేరుగా కొనుక్కోవాలి. ఒక షాపులో 9900 ఎంఏహెచ్ అని రాసినవి ఇచ్చారు, గంట కూడా రాలేదు. ఈ సైజులో మంచి సెల్ అయినా 3500 దగ్గరే ఆగిపోతుంది. అనుమానం వచ్చి కిరాణా షాపు కాంటా మీద పెడితే ఒక్కోటి 30 గ్రాములు కూడా తూగలేదు. అసలు సెల్ 45 గ్రాముల పైనే ఉంటుంది. ఇప్పుడు వాడుతున్న 3000 ఎంఏహెచ్ జతతో నా పనికి నాలుగు గంటలు వస్తుంది.

రాస్‌ప్‌బెర్రీ పైలో స్లీప్ లేదు. ఊరూరికీ షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేయాల్సిందే. ఫోన్‌లా తీసి చూసుకునే అలవాటున్నవాళ్లకు ఇది నచ్చదు. వెనక రేకే వేడిని బయటికి పంపుతుంది కాబట్టి మే నెల ఎండలో నీడ చూసుకునే తీయాలి.

రోజువారీ పని వివరాలు తెలుగులోనే రాసుకుంటాను. డెబియన్‌లో తెలుగు అక్షరాలకు ఫాంట్స్-తెలు ప్యాకేజీ, టైపింగ్‌కు ఐబస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్ వేస్తే చాలు. కమాండ్లు కొట్టే టెర్మినల్లో మాత్రం ఒత్తులు విడిపోయి కనబడతాయి, అందుకని మౌస్‌ప్యాడ్ అనే ఎడిటర్లో రాస్తాను. బొటనవేళ్లతో ఇన్‌స్క్రిప్ట్ కుదరడానికి నెల పట్టింది, ఇప్పుడు చూడకుండా కొడతాను.

ఒకసారి తొందరపడి రాస్‌ప్‌బెర్రీ పై మామూలు కెర్నల్ వేశాను, తెర నల్లగా అయిపోయింది. ఈ తెరకు కావాల్సిన డ్రైవర్ యూకన్సోల్ కోసం ప్యాచ్ చేసిన కెర్నల్లోనే ఉంటుంది. టెన్షన్ పడ్డాను గానీ, సిస్టమ్ ఉన్న మెమరీ కార్డు తీసి ఇంట్లో ల్యాప్‌టాప్‌కు పెట్టి పాత కెర్నల్ తిరిగి వేస్తే పది నిమిషాల్లో లేచింది. అప్పటినుంచి కెర్నల్ ప్యాకేజీ దానంతట అది మారకుండా హోల్డ్‌లో పెట్టాను. డెబియన్ 13 వేరే కార్డు మీద సిద్ధంగా ఉంది. సీరియల్ కేబుల్, తెలుగు కీబోర్డు రెండూ దాంట్లో సరిగ్గా నడిచాకే పాత కార్డు తీస్తాను.