బకింగ్‌హామ్ కాలువ మీది రైలు: కారు లేకుండా చెన్నై చూడ్డం

నెల్లూరు నుంచో తిరుపతి నుంచో కారేసుకుని చెన్నై చూడ్డానికొచ్చే చుట్టాలకి ఇక్కడి తెలుగువాళ్ళు చెప్పే సలహా మామూలుగా ఒకటే. కారు పక్కన పెట్టేసి మెట్రో ఎక్కండి అని. అందులో సగమే నిజం. మెట్రో చల్లగా ఉంటుంది, శుభ్రంగా ఉంటుంది, కానీ ఇప్పుడు నడుస్తున్న లైన్లు చూడాల్సిన చోట్లకి ఎడంగా పోతాయి. మెరీనా, ట్రిప్లికేన్, మైలాపూరు, తిరువాన్మియూరు, ఈ నాలుగూ పూసల్లా గుచ్చినట్టుండేది ఎమ్మార్టీఎస్ అనే, స్తంభాల మీద నడిచే లోకల్ రైలు దారిలో. ఇక్కడివాళ్ళు ‘పరక్కుం రయిల్’ అంటారు, ఎగిరే రైలని. పాత బండి. సోకులేమీ లేవు. టికెట్ 5 రూపాయలు, దూరమైతే 10. ఏళ్ళ తరబడి ఎక్కి దిగాక చెప్పే మాట: ఒక్క రోజులో ఊరు చూడ్డానికి దీన్ని మించింది లేదు, కాకపోతే దాని తిక్కలు ముందే తెలిసుండాలి.

బీచ్ స్టేషన్ నుంచి వేళచ్చేరి దాకా 18 స్టేషన్లు. పార్క్ టౌన్ వరకు నేల మీద నడిచి, చింతాద్రిపేట నుంచి స్తంభాల మీదికి ఎక్కుతుంది. 1995లో చేపాక్ దాకా, 1997లో మైలాపూరు దాకా, 2007లో వేళచ్చేరి దాకా వేశారు. దారిలో చాలా దూరం కిందే బకింగ్‌హామ్ కాలువ కనిపిస్తుంది. కాకినాడ వైపు నుంచి తీరం వెంట వచ్చే మన కాలువే అది. ఒకప్పుడు పడవల మీద సరుకు మదరాసుకి దిగింది దీంట్లోంచే. ఇప్పుడు కిటికీ తెరిస్తే వాసన తప్ప సరుకేమీ ఉండదు.

మొదటి తిక్క పేర్లది. కొత్తవాళ్ళు తప్పటడుగు వేసేది ఎక్కువగా ఇక్కడే. ‘చెన్నై బీచ్’ అని బోర్డు చూసి సముద్రం కోసం అక్కడ దిగితే హార్బరు గోడ కనిపిస్తుంది, ఇసుక కనిపించదు. మెరీనాకి దిగాల్సింది చేపాక్, తిరువల్లికేణి, లైట్ హౌస్ స్టేషన్లలో. మనం ట్రిప్లికేన్ అనేదానికి స్టేషన్ పేరు తిరువల్లికేణి, మైలాపూరుది తిరుమయిలై. రైల్లో అరవ ప్రకటన మాత్రమే చెవిన పడితే ఇంకో చిక్కు: బీచ్ ‘కడర్కరై’ అవుతుంది, ఫోర్ట్ ‘కోట్టై’ అవుతుంది, పార్క్ టౌన్ ‘పూంగా నగర్’, లైట్ హౌస్ ‘కలంగరై విళక్కం’. ఈ నాలుగూ కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకుంటే ఎవర్నీ అడగక్కర్లేదు. తెలుగు బోర్డు ఎక్కడా ఉండదు.

సప్తగిరిలోనో పినాకినిలోనో సెంట్రల్‌లో దిగినవాళ్ళు ముందు బ్యాగులు క్లోక్ రూములో పడెయ్యాలి. తాళం లేని బ్యాగు తీసుకోరు, వచ్చిన రైలు టికెట్ అడుగుతారు, అది పారెయ్యకండి. తర్వాత సబ్‌వేలో దిగి రోడ్డుకి అవతల పక్కకి వెళ్ళాలి. అక్కడ ఒకదాని పక్కన ఒకటి రెండు స్టేషన్లున్నాయి, పార్క్, పార్క్ టౌన్. పార్క్‌లో ఆగేవి తాంబరం వైపు బళ్ళు. మనకి కావాల్సింది పార్క్ టౌన్. పార్క్‌లో ఎక్కేసి మైలాపూరు ఎప్పుడొస్తుందా అని చూస్తూ కూర్చుంటే మాంబళం, గిండీ దాటేసి తాంబరంలో తేలతారు. సూళ్లూరుపేట లోకల్‌లో వచ్చేవాళ్ళు సెంట్రల్ పక్కనే మూర్ మార్కెట్ కాంప్లెక్సులో దిగుతారు, వాళ్ళకీ ఇదే దారి. ఆర్టీసీ బస్సులో వస్తే మాధవరం బస్టాండు. అక్కడికి మెట్రో ఇంకా రాలేదు, సిటీ బస్సు పట్టుకుని సెంట్రల్ చేరుకోవడమే.

టికెట్ కౌంటర్ దగ్గర క్యూ కనిపిస్తే రైల్వేవాళ్ళ రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు. ఇక్కడ రెండో తిక్క. స్టేషన్ లోపలికి, పట్టాల పక్కకి వచ్చేశాక యాప్ మామూలుగా టికెట్ ఇవ్వదు. టికెట్ లేకుండా ఎక్కి, టీసీ కనిపించాక తీసుకునేవాళ్ళని ఆపడానికి పెట్టిన కట్టడి అది. కాబట్టి రోడ్డు మీద ఉన్నప్పుడే తీసుకోవాలి, లేదంటే స్టేషన్ గోడకి అంటించిన క్యూఆర్ స్కాన్ చెయ్యాలి. తీసుకున్నాక గంటలోపు ప్రయాణం మొదలు కావాలి. ఉదయం హోటల్లో కాఫీ తాగుతూ తీసుకుని, టిఫిన్ ముగించి తొమ్మిదిన్నరకి ఎక్కితే ఆ టికెట్ చెల్లదు. టీసీకి చూపించాల్సింది యాప్‌లోని టికెట్టే, దాని స్క్రీన్‌షాట్ కాదు. ఫోన్‌లో చార్జింగ్ పది శాతంలో ఉంటే కౌంటర్లో కాగితం టికెట్ తీసుకోవడం మేలు. 2025 సెప్టెంబరులో వచ్చిన చెన్నై వన్ యాప్‌లో బస్సు, మెట్రో, లోకల్ రైలు మూడింటికీ ఒకే క్యూఆర్ మీద టికెట్ తీసుకోవచ్చు. రోజంతా మూడూ మారి మారి ఎక్కేవాళ్ళకి పనికొస్తుంది. ఏ యాప్ అయినా డబ్బు కట్ అయి టికెట్ రాకపోవడం అప్పుడప్పుడూ జరిగేదే. రెండోసారి కట్టే ముందు ‘బుకింగ్ హిస్టరీ’ ఒకసారి తెరిచి చూడండి, చాలాసార్లు టికెట్ అక్కడే పడి ఉంటుంది.

ఇంకొకటి, ఫస్ట్ క్లాసు పెట్టె. చూడ్డానికి మిగతా వాటికీ దానికీ పెద్ద తేడా కనిపించదు, ఖాళీగా ఉంది కదా అని ఎక్కేస్తారు. 5 రూపాయల టికెట్‌తో అందులో దొరికితే కనీసం 250 రూపాయల జరిమానా, పైన చార్జీ తేడా. మగవాళ్ళు హడావుడిలో లేడీస్ పెట్టె ఎక్కడం కూడా మామూలే. బండి వస్తుంటే పెట్టె మీద రాసింది చదివి ఎక్కండి.

ఇక రోజుని ఎలా పేర్చుకోవాలి. దేవుడి వేళలు ఒకటి, ఆఫీసు జనం వేళలు ఒకటి, ఈ రెండిటి మధ్య సందు చూసుకోవాలి. గుళ్ళు మధ్యాహ్నం సుమారు 12 నుంచి 4 దాకా మూసి ఉంటాయి. పొద్దున ఎనిమిదిన్నర నుంచి పది దాకా వేళచ్చేరి వైపు బళ్ళు కంప్యూటర్ కంపెనీల జనంతో కిటకిటలాడతాయి, తరమణి, పెరుంగుడి దిగేవాళ్ళు. సాయంత్రం అదే గుంపు ఎదురొస్తుంది. అందుకని ఏడు గంటలకే పార్క్ టౌన్‌లో ఎక్కెయ్యండి. తిరువల్లికేణిలో దిగితే పార్థసారథి గుడి పది నిమిషాల నడకలోపే. మీసాలున్న మూలవిరాట్టు, ముఖం మీద కురుక్షేత్రంలో తగిలిన బాణాల గుర్తులున్న ఉత్సవమూర్తి. పదిన్నరకి మళ్ళీ రైలెక్కి తిరుమయిలైలో దిగితే కపాలీశ్వరుడి దర్శనం పన్నెండులోపు అయిపోతుంది. ఈ వరస తిరగేసి ముందు మ్యూజియం పెట్టుకుంటే మిట్టమధ్యాహ్నం మూసిన గుడి ముందు నిలబడాల్సి వస్తుంది.

మైలాపూరు గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, కారుతో ఎక్కువ ఇబ్బంది పడేది కూడా ఇక్కడే. మాడవీధుల్లో బండి పెట్టే చోటుండదు. పైగా లజ్ కూడలి దగ్గర మెట్రో రెండో దశ కోసం భూమి తవ్వుతున్నారు. తడికెలు కట్టి రోడ్లు మళ్ళించారు, మ్యాప్ చూపించే దారి ఒక్కోసారి తడికె దగ్గర ఆగిపోతుంది. నడిచేవాళ్ళకి ఆ బాధ లేదు, తడికెల పక్కన సందు ఎప్పుడూ వదులుతారు. స్టేషన్ నుంచి కోనేటి గట్టు దాకా పది నిమిషాలు. గుడి అయ్యాక రాయపేట హైరోడ్డు వైపు పది పదిహేను నిమిషాలు నడిస్తే పొట్టి శ్రీరాములు స్మారక భవనం ఉంది. 1952లో 58 రోజులు నిరాహారదీక్ష చేసి డిసెంబరు 15న ఆయన ప్రాణం వదిలింది అక్కడే. చెన్నై చూడ్డానికొచ్చే తెలుగువాళ్ళలో దాని ముందు నుంచి కార్లో పోతూ చూసుకోనివాళ్ళే ఎక్కువ. ఆ రోడ్డు మీద కారు ఆపడం కుదరదు మరి. మార్చి, ఏప్రిల్ నెలల్లో పంగుని ఉత్సవం జరుగుతుంటే, ముఖ్యంగా అరవై ముగ్గురు నాయనార్ల ఊరేగింపు రోజున, మైలాపూరు లోపలికి బళ్ళు రానివ్వరు. అప్పుడు రైలొక్కటే దారి.

మధ్యాహ్నం ఎండలో వెనక్కి పార్క్ టౌన్‌ వచ్చి, రైలు వదిలి మెట్రోకి మారాలి. సెంట్రల్ నుంచి ఎగ్మోరు ఒక్క స్టేషనే, 10 రూపాయలు. కిందికి దిగగానే చల్లదనం, శుభ్రమైన బాత్‌రూములు. ఎమ్మార్టీఎస్ స్టేషన్లలో ఆ రెండో సంగతి తలపెట్టొద్దు, మెట్రోలో ఉన్నప్పుడే పని కానిచ్చుకోండి. ఎగ్మోరు నుంచి కిలోమీటరు దూరంలో పాంథియన్ రోడ్డు మీద ప్రభుత్వ మ్యూజియం, 1851లో పెట్టింది. కంచు విగ్రహాల భవనం పేరు అందరూ చెప్తారు. అమరావతి స్తూపం నుంచి తెచ్చిన శిల్పాలూ ఇక్కడే ఉన్నాయి, మనవాళ్ళు ముందు చూడాల్సింది అవి. రెండు గంటలు పెట్టుకోండి. శుక్రవారం మూసేస్తారు. సెయింట్ జార్జ్ కోటలోని మ్యూజియానికీ శుక్రవారమే సెలవు, మెరీనా లైట్ హౌస్‌కి సోమవారం. కాబట్టి వారాంతం కుదరకపోతే మంగళ, బుధ, గురువారాల్లో రండి. కోటకి వెళ్తే ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, సచివాలయం లోపలే ఉంది కాబట్టి తనిఖీ గట్టిగా ఉంటుంది. ఫోర్ట్ స్టేషన్ నుంచి గేటు దాకా నడక ఉంది, నీడ తక్కువ.

సాయంత్రం నాలుగున్నరకి లైట్ హౌస్ స్టేషన్. అక్కడి నుంచి ఇసుక పావుగంట నడక, ఇసుక మొదలయ్యాక నీళ్ళ దాకా మరికొంత. ముసలివాళ్ళుంటే వివేకానందర్ ఇల్లం ఎదురుగా ఇసుక మీద వేసిన చెక్క దారి ఉంది, చక్రాల కుర్చీ అలల దగ్గర్దాకా పోతుంది. దానికి తిరువల్లికేణి వైపు నుంచి రావాలి. అన్నా, ఎంజీఆర్ సమాధులు చూడాలంటే మాత్రం చేపాక్‌లో దిగి వాలాజా రోడ్డు పట్టుకోండి. లైట్ హౌస్ దగ్గర్నుంచి ఇసుకలో నడిచిపోదామనుకుంటే కాళ్ళు పడిపోతాయి, మెరీనా అంత పొడుగు. కాణుం పొంగల్ రోజు, అంటే మన ముక్కనుమ నాడు, జనం విరగబడతారు, ఆ చుట్టుపక్కలకి పోవద్దు, రైలైనా సరే.

బస్సు సంగతి. ఆడవాళ్ళకి ఇది బంగారం: ముందు భాగం గులాబీ రంగులో ఉన్న మామూలు బస్సుల్లో టికెట్ లేదు. మన రెండు రాష్ట్రాల్లో లాగా స్థానిక చిరునామా కార్డు చూపించక్కర్లేదు, ఏ ఊరని ఎవరూ అడగరు. మగవాళ్ళకి మామూలు బస్సులో 5 రూపాయల నుంచి, ఏసీ బస్సులో 15 నుంచి. హైదరాబాదులో అలవాటైనట్టు ముందు సగం ఆడవాళ్ళది, వెనక సగం మగవాళ్ళది అనుకోకండి. ఇక్కడ ఎడమ వరస ఆడవాళ్ళది, కుడి వరస మగవాళ్ళది. కండక్టరు చాలా బస్సుల్లో తన సీట్లోంచి లేవడు. డబ్బు పక్కవాళ్ళ చేతికిస్తే చేతులు మారి వెళ్తుంది, టికెట్టూ చిల్లరా అలాగే తిరిగొస్తాయి. ఐదొందల నోటు అలా పంపిస్తే అందరి చూపులూ మీ మీదే ఉంటాయి. మైలాపూరు నుంచి బెసంట్ నగర్ బీచికీ, అష్టలక్ష్మి గుడికీ 29సీ బస్సు పోతుంది, రైలు పోని చోటు అది.

చీరలు కొనకుండా తిరిగి వెళ్ళేవాళ్ళు తక్కువ కాబట్టి టీ నగర్ కూడా. పార్క్ స్టేషన్లో, ఈసారి పార్క్ టౌన్ కాదు, తాంబరం బండెక్కి మాంబళంలో దిగండి. 2023లో వేసిన ఆకాశ వంతెన స్టేషన్ నుంచి నేరుగా బస్టాండుకి పోతుంది, కిందికి దిగితే రంగనాథన్ వీధి. దీపావళి ముందు వారాల్లో కింద అడుగు వేసే చోటుండదు, పైన హాయిగా పోవచ్చు.

ఎవరికి పనికిరాదో కూడా చెప్పాలి. ఎమ్మార్టీఎస్ స్టేషన్లు కట్టడానికి మహా పెద్దవి, ప్లాట్‌ఫారం రెండు మూడంతస్తుల ఎత్తులో ఉంటుంది. లిఫ్టునీ ఎస్కలేటర్నీ నమ్ముకుని రాకండి, మెట్లే దిక్కనుకుని రండి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు రోజుకి రెండు స్టేషన్లకి మించి పెట్టుకోకూడదు, మిగతాది ఆటోలో. రద్దీ లేని వేళల్లో బండికీ బండికీ మధ్య ఇరవై నిమిషాలు పట్టొచ్చు, ఆదివారం ఇంకా ఎడం, పట్టాల పని ఉంటే కొన్ని రద్దు కూడా చేస్తారు. వాన కురిసి బయట తిరగలేని రోజైతే కొట్టూర్‌పురంలో దిగి అన్నా శతజయంతి గ్రంథాలయంలో మధ్యాహ్నం గడపొచ్చు. రాత్రి ఎనిమిది దాటాక మధ్య స్టేషన్లలో మనుషులు పలచబడతారు. అప్పుడు వెనక మెట్లు కాకుండా కౌంటర్ ఉన్న వైపు మెట్లే వాడండి, గార్డు పెట్టెకి దగ్గరగా ఎక్కండి.

తిరుగు ప్రయాణానికి పార్క్ టౌన్‌లో దిగాక సబ్‌వే దాటి, క్లోక్ రూము క్యూలో నిలబడి, బ్యాగుతో ప్లాట్‌ఫారం చేరడానికి ముప్పావు గంట వేసుకోండి. పండగ రోజుల్లో గంట.